ఆ కార్డులో సున్నా

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు పద్నాలుగు వేల అడుగుల ఎత్తున్న సైనిక పోస్టు చేరాను. మైనస్ పదకొండు డిగ్రీలు. వీపున ఇరవై రెండు కిలోలు. నాకు అప్పగించినది బంకర్లో రేడియో మాటలను నడిపే లినక్స్ కంప్యూటర్ యంత్రం.

అందులో మాటలు మల్టీకాస్ట్‌గా వెళ్లేవి. ఒకరు పలికితే ఆ గుంపులో చేరిన వారందరూ ఒకేసారి వింటారు. ఏ నెట్‌వర్క్ కార్డు గుండా వెళ్లాలో ఒక రూట్ వరస చెబుతుంది.

తొమ్మిదో రోజు ఉదయం పది దాటాక పై అధికారుల నుంచి ఆదేశం వచ్చింది: మంచు వాలు జారేలా ఉంది, గస్తీని ఆపండి. గస్తీలో ఐదుగురు. నాయకుడు ధర్మవరం ఊరి హవల్దారు. రేడియో దగ్గర హవల్దారు కింది హోదా వాడు, హిందూపురం ఊరి నాయక్, వాళ్లను పిలుస్తున్నాడు. జవాబు లేదు. హెడ్‌సెట్‌లో అతని గొంతు మాత్రం క్షణం ఆలస్యంగా తిరిగి వస్తోంది.

"గొంతు తిరిగొస్తాండాది కదప్పా, పోయినట్టే," అన్నాడు నాయక్.

"నీ గొంతు నీకే వినపడితే ఆడికి పోయినట్టా?" అన్నాను.

"దేవుడొచ్చి చెప్పినా నువ్వు రసీదు అడుగుతావబ్బా!"

గస్తీ వైపు కార్డుపై నిఘా పెట్టాను. వెళ్లిన ప్యాకెట్లు సున్నా. ముందురోజు యంత్రంలో సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు నేను ఆ రూట్ వరస రాయడం మరిచాను. మాట వేరే కార్డుకు పోతోంది; గస్తీ జవాబు వినే దారీ అదే కనుక వాళ్ల మాటా ఇటు రాదు. మా చెవికి వచ్చేది యంత్రం లోపలే తిరిగిన నకలు మాత్రమే.

10:40. నాయక్ పిలుస్తూనే ఉన్నాడు: "ఎడమ రాయి కాడ ఆగండప్పా!" నిఘాలో సున్నా.

10:52. రూట్ చేర్చాను. అంకె కదిలింది. వెంటనే హవల్దారు పలికాడు.

"ఇంటాండాం. ఎన్నిసార్లు చెప్తావప్పా? ఎడమ రాయి కాడ ఆగే ఉండాం."

"ఎప్పుడు ఆగినారు?" అన్నాను.

"పది నలభైకి. నాయక్ ఆగమన్నాడు కదా."

పదకొండుకు ముందే వాళ్ల ఎదుటి వాలు జారిపోయింది. ఐదుగురూ తిరిగి వచ్చారు.

హవల్దారు గడియారం సరిచూశాను. యంత్రం సమయానికి నాలుగు సెకన్ల తేడా మాత్రమే. గాలి వాళ్ల వైపు నుంచి మా వైపు వీచింది. దూరం మూడు కిలోమీటర్లు, బంకర్ తలుపు మూసి ఉంది; గొంతు నేరుగా వినపడే వీలు లేదు. ఆ రాయి మజిలీ అని ముందే తెలుసు కనుక వాళ్లు ఊహించుకుని ఉండవచ్చు. నివేదికలో అదే రాశాను. ఐదుగురినీ విడివిడిగా అడిగాను. ఐదుగురూ నాయక్ గొంతు విన్నామన్నారు.

పోస్టులో నా గడువు ముగిశాక ధర్మవరంలో రైలు దిగి, బస్సులో పెనుకొండ చేరాను. ఎవరేమడిగినా చలి గురించే చెబుతాను. కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే: నాయక్ పెదవులు కదులుతున్నాయి; అతని పక్కన తెరపై, ఆకుపచ్చగా, కదలని సున్నా.