డబ్బా అడుగున బొట్టు

"ఇంకా యాభై ఒకటి చూపిస్తాంది అన్నా, ఆపకు" అని నేను చేను గట్టు మీద నుంచి మొత్తుకుంటూనే ఉన్నాను. అన్న మిషన్ పట్టుకుని ఒక్కో కాయలోంచి దూది లాగుతూనే ఉన్నాడు. అప్పటికి టైం ఎనిమిదిన్నర. ఆరింటి నుంచీ ఇదే పని. ఏరేది పత్తి కోసం కాదు, బ్యాటరీలో ఉన్న చార్జింగు దించడం కోసం. చార్జింగు ముప్పై శాతానికి మించి ఉంటే ఆ బ్యాటరీ విమానం ఎక్కదు. అన్నేమో రాత్రంతా చార్జింగు పెట్టి నూటికి నూరు నింపి, నేను రాగానే గర్వంగా చూపించాడు.

"వాళ్లు డబ్బ ఇప్పంగనే నడవాలె గద చెల్లె. ఖాళీ బ్యాటరీ పంపుతె ఇజ్జత్ ఏముంటది" అన్నాడు. పెళ్లివాళ్లకు వట్టి గిన్నె పంపినట్టు సిగ్గుపడ్డాడు పాపం.

ఆ అన్నది వర్ధన్నపేట. ఖమ్మం రోడ్డు మీద చిన్న షెడ్డు, వెల్డింగు పని. మూడేళ్లు తంటాలు పడి పత్తి ఏరే మిషన్ తయారుచేశాడు. చేతిలో ఇమిడేంత మిషన్, వీపుకు సంచి, నడుముకు బ్యాటరీ. దాని వీడియో ఎలా తిరిగి తిరిగి వెళ్లిందో గానీ, ఆఫ్రికాలో బెనిన్ అనే దేశంలో పత్తి రైతుల సంఘం వాళ్లు చూసి, ఒకటి పంపమన్నారు. అక్కడా సరిగ్గా మనలాగే ఈ నెలల్లోనే పత్తి ఏరతారట. మిషన్ నడిపి చూడటానికి ఒక చేనును ఏరకుండా ఆపి ఉంచారు. వచ్చే బుధవారం రైతులంతా వచ్చి చూస్తారు. ఆ రోజుకు చేరకపోతే కూలీలను పెట్టి ఏరించేస్తారు, ఇక మళ్లీ వచ్చే ఏడాదే. మాకు దొరికిన విమానం మర్నాడు తెల్లవారుజామున. సరుకు ఆ సాయంత్రం ఆరింటిలోపు శంషాబాద్ కార్గోలో అప్పజెప్పాలి. అది తప్పితే ఇలాంటి సరుకు ఎక్కించుకునే విమానం మళ్లీ వారం తర్వాతే.

ఇలాంటి సరుకు అంటే ప్రమాదకరమైన సరుకు. ఆ మాట వింటే నాక్కూడా మొదట్లో బాంబులే గుర్తొచ్చేవి. నేను హన్మకొండలో విదేశాలకు పార్సిళ్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తాను. ఇంటర్ తప్పాక చేరాను. ఆవకాయ సీసాలకు టేపు చుట్టడం, సకినాల డబ్బాలు తూకం వేయడం, అదీ నా ఉద్యోగం. కిందటేడు మా సార్ నన్ను హైదరాబాద్ పంపి, ప్రమాదకర సరుకు ప్యాకింగ్ కోర్సు చేయించాడు. పుస్తకం ఇటుకంత మందం, అంతా ఇంగ్లిషు. నేను బొమ్మలు చూసుకుంటూ, పక్కవాళ్లను సతాయించుకుంటూ చదివాను. చదివేకొద్దీ నోరు తెరుచుకుపోయింది. అత్తరు సీసా, హారతి కర్పూరం, గోళ్ల రంగు, పవర్ బ్యాంకు, మనం బీరువాలో పెట్టుకునే ప్రతిదానికీ ప్రపంచంలో ఎక్కడో ఒకరు కూర్చుని ఒక నంబరు ఇచ్చారు. మన దగ్గర ఏ నంబరో చైనాలోనూ అదే, ఆఫ్రికాలోనూ అదే. రెండు దేశాలు ఒక కాలువ నీళ్ల దగ్గర ఒప్పుకోవు, కర్పూరం నంబరు దగ్గర మాత్రం అన్నీ ఒప్పుకున్నాయి. పరీక్ష పాసయ్యి సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజు మా అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు ఏసుప్రభువు పటం పక్కన పెట్టింది. వరంగల్ నుంచి వెళ్లే బ్యాటరీ డబ్బా మీద సంతకం పెట్టే హక్కు నాకొచ్చింది. అలా నా సంతకంతో పోతున్న మొదటి డబ్బా ఇదే.

చేనులో అన్న వాళ్లమ్మ కూడా మాతోపాటే ఉంది. అందరం అవ్వా అనే పిలుస్తాం. కొడుకు మిషన్‌తో ఒక సాలు, తను చేతులతో పక్క సాలు ఏరుతూ పోతోంది. డెబ్బై ఏళ్లు ఉంటాయి, వేళ్ల చివర్లన్నీ పత్తికాయ ముళ్లు గీరి గీరి గట్టిపడిపోయాయి. సాలు చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూసి, "నీ మిషిన్ ఇంకా ఆడ్నే ఉన్నదేందిరా, దానికి చాయ్ పోయించు" అంది. అన్న కళ్లన్నీ బ్యాటరీ తెర మీదే ఉన్నాయి.

ఇరవై తొమ్మిది చూపించేసరికి పదవుతోంది. షెడ్డులోకి వచ్చి ప్యాకింగ్ మొదలుపెట్టాను. బ్యాటరీ రెండు కొనలకూ టేపు వేసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మిషన్‌కు తగలకుండా స్పాంజి మధ్య కూర్చోబెట్టాను. ఆ అట్టపెట్టె కూడా మామూలుది కాదు. ఎత్తు మీంచి పడేసి, బరువులు మోపి పరీక్షించాక ముద్ర వేసిన పెట్టె. పైన నంబరు రాశాను, రెండు చిరునామాలు రాశాను. మూల మీద నిలబెట్టిన చదరం లాంటి లేబుల్ అతికించాను. పైసగం నల్ల గీతలు, కింద మంట లేచే బ్యాటరీ బొమ్మ, దాని కింద తొమ్మిది, అది బ్యాటరీల ప్రమాదం తరగతి అంకె.

అప్పుడు అవ్వ పసుపు, కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చింది.

"గంత దూరం ఒక్కతే పోతాంది. దాని మీద ఎవల కన్నుంటది బిడ్డా?" అంది.

వద్దనాలని నాకు తెలుసు. డబ్బా మీద మనం రాయాల్సినవి తప్ప ఇంకేమీ ఉండకపోతేనే మంచిదని కోర్సులో చెప్పారు. కానీ మా ఇంట్లో బొట్టు పెట్టే అలవాటు లేదు, మేము చర్చికి పోతాం. ఆ సంగతి అవ్వకు తెలుసు. నేను వద్దంటే, చర్చి పిల్ల కాబట్టి వద్దందని అనుకుంటుందేమో అని నా నోరు పెగల్లేదు. లేబుళ్లు లేని చోటు ఏదా అని చూసి, "అడుగున పెట్టు అవ్వా, అక్కడైతే ఎవరికీ అడ్డముండది" అని నేనే డబ్బాను పక్కకు వంచి పట్టుకున్నాను. అవ్వ పసుపు తడిపి రాసి, మధ్యలో కుంకుమ అద్దింది. మొక్కుకుంది. నేనూ మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఇద్దరం తృప్తిపడ్డాం.

అన్న తన ట్రాలీ బండి తీశాడు. వెనక ఒక బస్తా పరిచి, దాని మీద డబ్బా పెట్టి తాళ్లు కట్టాడు. రఘునాథపల్లి దగ్గర చాయ్ తాగాం, అక్కడ కూడా ఆయన బండి దిగలేదు, డబ్బా కనపడేలా అద్దంలోంచి వెనక్కి చూస్తూనే తాగాడు. నాలుగున్నరకు కార్గో చేరాం.

లోపల సరుకు తీసుకునే సార్ చేతిలో ప్రశ్నల కాగితం ఉంటుంది. ఒక్కో ప్రశ్నకూ అవునని టిక్కు పడాలి. ఒక్క చోట కాదని పడినా డబ్బా తీసుకోరు. ఆయన నా కాగితం తీసుకున్నాడు. రెండు అంచుల్లో ఎర్ర గీతలుండే డిక్లరేషన్ అది. కంటి డాక్టరు కంట్లోకి చూసినట్టు ఒక్కో అక్షరం చూశాడు. టిక్కు, టిక్కు, టిక్కు. లేబుల్ కొలిచాడు, టిక్కు. చివర్లో డబ్బాను వంచి అడుగు చూశాడు.

పెన్ను ఆగింది.

తడిపిన పసుపు ఆరకముందే మేము డబ్బాను బస్తా మీద పెట్టాం. ఎండకు, కుదుపులకు కుంకుమ కరిగి, పాకి, అరచేయంత ఎర్రమరక అయింది. అట్ట అక్కడ మెత్తబడింది. వేలు పెడితే ఎరుపు అంటుకుంది.

"ఇదేంది?" అన్నాడాయన.

"బొట్టు సార్."

"బొట్టని నాకు ఎర్కనే అమ్మా. నడుమ విమానం మారే అడిస్ అబాబల దించేటోనికి ఎర్కనా? ప్రమాదం సరుకు డబ్బ కింద ఎర్రగ తడి కనవడితె వాడు ఏమనుకోవాలె?"

కారిందనుకుంటాడు. లోపలిది ఏదో పగిలి కారుతోందనుకుంటాడు. అందరినీ దూరం జరగమంటాడు. నేను నోరు తెరవకుండానే ఇదంతా నాకు అర్థమైంది. ఆయన కసరలేదు, డబ్బా చెడకుండా, కారకుండా ఉందా అన్న ఒక్క ప్రశ్న దగ్గర కాదని రాసి కాగితం నా వైపు తిప్పాడు. ఆరింటిలోపు కొత్త డబ్బాలో తెస్తే మళ్లీ మొదటి నుంచి చూస్తానన్నాడు.

బయట అన్న బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెప్పాను. తప్పు నాదే అని కూడా చెప్పాను. ఆయన డబ్బాను నా చేతుల్లోంచి అందుకుని ముందు నడిచాడు. కార్గో గేటు బయట ప్యాకింగ్ షాపులుంటాయి. మూడు షాపులు తిరిగితే మూడోదాంట్లో ముద్ర ఉన్న పెట్టె అదే సైజు దొరికింది. లేబుళ్లు నా బ్యాగులో ఇంకో జత ఉన్నాయి, ఒకటి ఎక్కువ ఉంచుకోమని కోర్సులో చెప్పిన మాట అన్నం పెట్టింది. ఆ షాపు అరుగు మీదే పాత డబ్బా విప్పాను. బ్యాటరీకి చుట్టింది చుట్టినట్టే, మిషన్ పెట్టింది పెట్టినట్టే కొత్తదాంట్లోకి మార్చాను. నంబరు రాసేటప్పుడు వంకరపోకుండా అన్న స్కేలు అదిమి పట్టుకున్నాడు. అయిదూ ముప్పావుకు మళ్లీ ఆ సార్ ముందు నిలబడ్డాం. ఆయన నిజంగానే మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టాడు. ఈసారి అడుగు చూసి టిక్కు పెట్టాడు.

పని అయ్యాక కూడా అన్న కదల్లేదు. చివరికి అడిగాడు, లోపల వందల డబ్బలుంటయి గద సార్, మాదాన్ని ఎవలు చూస్తరు, అని.

ఆ సార్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "పైలట్‌కు కాయితం పోతది. ఈ నంబర్ సరుకు, ఇంత, ఫలాన కాడ పెట్టినం అని. ఆయన చూసుకొని సంతకం పెట్టినంకనే విమానం కదుల్తది" అన్నాడు.

ఇది నాకు తెలియనిది కాదు. కోర్సులో చదివాను, పరీక్షలో రాసి మార్కు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ క్షణం ఒళ్లు జల్లుమంది. వర్ధన్నపేట చేనులో సాలు వెంట సాలు తిరిగి ఇరవై తొమ్మిదికి దించిన బ్యాటరీ అది. దాని సంగతి రాసిన కాగితాన్ని, నన్నెప్పుడూ చూడని, నేను ఎప్పటికీ చూడని ఒక మనిషి మేఘాల మీద కూర్చుని చేతిలో పెట్టుకుంటాడు. ఆయన వెనక ఎంతమంది నిద్రపోతుంటారో. వాళ్లలో ఎవరికీ మా డబ్బా సంగతి తెలియదు, ఆయనకు తెలుసు. కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. అన్న భుజం తట్టి బండెక్కమన్నాడు.

తిరిగి వస్తుంటే ఆయన ఒక్కటే మాట అన్నాడు. "అవ్వకు చెప్పకు చెల్లె. బొట్టు తీసేసినమంటె మనసుల పెట్టుకుంటది." సరేనన్నాను. కానీ పాత డబ్బాను షాపులో వదిలి రాబుద్ధి కాలేదు. బొట్టున్న ముక్క కోసి బ్యాగులో పెట్టుకున్నాను.

పొద్దున లేవగానే ఫోన్లో చూశాను, విమానం వెళ్లిపోయిందని ఉంది. ఆఫీసుకు లేటుగా వస్తానని మా సార్‌కు ఫోన్ చేసి, వర్ధన్నపేట బస్సెక్కాను. అవ్వ షెడ్డు ముందు ముంతలో చాయ్ తాగుతోంది. అన్నకు సరేనన్న మాట తప్పి, అట్టముక్క ఆమె చేతిలో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. వద్దని ఎందుకు అనలేదో కూడా చెప్పాను.

అవ్వ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "మా వాడు బండి అద్దం మీద బొట్టు పెట్టనియ్యడు, తొవ్వ కనవడదంటడు. వాడేమన్న చర్చికి పోతాండా? నోరు తెరిసి చెప్పొద్దా పోరీ" అంది. ముక్కను ఒళ్లో పెట్టుకుని, "మరి ఇప్పుడు దాని మీద ఎవల కన్నున్నట్టు?" అంది.

వెల్డింగుకు గీతలు గీసే సుద్దముక్క అక్కడే పడి ఉంది. తీసుకుని, షెడ్డు బండల మీద మోకాళ్ల మీద కూర్చుని విమానం గీశాను. ముందు పైలట్‌ను గీసి, ఆయన చేతిలో ఒక కాగితం పెట్టాను. తర్వాత విమానం కడుపులో మూల మీద నిలబడ్డ ఒక చిన్న చదరం గీసి, దాంట్లో తొమ్మిది వేశాను.