అన్న కారుకు ఇంకో ఇంజను

మా అన్న సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. సెలవు మీద పూతలపట్టుకు వచ్చినప్పుడల్లా నాకూ అమ్మకూ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒక్కసారి మాత్రం తనకోసం తెచ్చుకున్నాడు. జపానులో కొన్న కారు. దాన్ని బొమ్మ అనడానికి నోరు రాదు. ట్రంకు పెట్టె అంత పొడవుండేది. ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. తాడు లాగితే స్టార్టయ్యే చిన్న పెట్రోలు ఇంజను దానికి. యాంటెన్నా ఉన్న పెట్టె ఒకటి చేతిలో పట్టుకుని, దూరం నుంచే కారును తిప్పాలి. మా మామిడితోపులో చెట్ల మధ్య దాన్ని పరుగెత్తిస్తుంటే ఆ మోత చిత్తూరు రోడ్డు దాకా వినిపించేది. తోపులో పనిచేసే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. నడపడం నాకూ నేర్పాడు. అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను.

మరుసటి సెలవులో కళ్లు పచ్చబడి దిగాడు. కామెర్లని నాటుమందు పోయించారు. తగ్గకపోతే తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడే పోయాడు. వాడి బట్టలు ఎవరికో ఇచ్చేశారు, పరుపు కాల్చేశారు. కారు మాత్రం ముందుగదిలో, గోడవార, తువ్వాలు కప్పి ఉండిపోయింది.

కర్మకాండలన్నీ ముగిశాక ఒక మధ్యాహ్నం పెరట్లోంచి ఆ మోత వినిపించింది. వంటింట్లో ఉన్న అమ్మ చేతిలోని చెంబు వదిలేసి పరుగెత్తింది. నేనూ వెనకాలే వెళ్లాను. నాయన కారును ఇటుకల మీద ఎత్తిపెట్టి, తాడు లాగి స్టార్టు చేసి, దాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెనక చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. మోత క్రమంగా సన్నబడి, కీచుమంటూ పైకి లేచి, ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే కదల్లేదు.

"పెట్రోల్లో ఆయిలు కలిపినావా నాయనా?" అని అడిగాను.

నాయన నా వైపు చూడకుండా, "ఒక్కసారి ఇనాలనిపించింది పాపా," అన్నాడు.

ఆ ఇంజనుకు పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. అది లేక పిస్టను పట్టేసింది. అమ్మ కారును తనే తుడిచి, లోపలికి తెచ్చి, మళ్లీ తువ్వాలు కప్పింది.

ఆ తువ్వాలు తీసింది నేనే, కొన్నాళ్లకు. దుమ్ము దులుపుతుంటే నా వేలు తగిలిందేమో, కారు అడుగున, ముందు చక్రాలను తిప్పే సెల్లుల స్విచ్చు పడింది. నేను చూసుకోలేదు. పక్కగదిలోకి వెళ్లి పుస్తకం తీసుకుంటుంటే అమ్మ కేక. వచ్చి చూస్తే, కారు ముందు చక్రాలు రెండూ ఎడమకు తిరిగి ఉన్నాయి. మేం చూస్తుండగానే జిర్రుమని కుడికి తిరిగాయి. తిరిగి ఎడమకు. నడిపే పెట్టె తాళం వేసిన బీరువాలో ఉంది.

"వాడు వచ్చినాడు," అంది అమ్మ. గొంతులో భయం లేదు.

నేను చదువుకున్నదంతా చెప్పాను. గాలిలో ఎన్నో రేడియో తరంగాలు పోతుంటాయనీ, రోడ్డు మీద వైర్‌లెస్ ఉన్న జీపు పోయినా, దగ్గర్లో వెల్డింగు జరిగినా కారులోని రిసీవరు పొరబడుతుందనీ. అమ్మ అంతా విన్నది.

"ఆ జీపు దినామూ పోతానే ఉండాది గదమ్మా. ఈ పొద్దే ఏల తిరిగింది?"

స్విచ్చు పడింది ఈ రోజే కాబట్టి అని చెప్పొచ్చు. కానీ ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాను.

అప్పటినుంచి అమ్మ మధ్యాహ్నం పనులు ముగించుకుని, ఆ స్విచ్చు వేసి కారు ఎదుట కూర్చునేది. చాలా రోజులు ఏమీ జరిగేది కాదు. ఏదో ఒక రోజు చక్రాలు కొంచెం కదిలేవి. ఆ రోజు ఆమె చాలాసేపు మాట్లాడేది, మెల్లగా, మాకు వినబడకుండా. నాయన ఇదంతా పిచ్చి అనేవాడు. కానీ సెల్లులు అయిపోకముందే కొత్తవి తెచ్చి కారు పక్కన పెట్టి పోయేవాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ గదిని గబగబా దాటి పోయేదాన్ని. చూడకూడదనుకుంటూనే చక్రాల వైపు చూసేదాన్ని.

ఎండాకాలం మొదట్లో అన్నం తింటుండగా అమ్మ నాయనతో అంది. "తిరగను మాత్రం తిరగతాండాడు. కదలలేకుండా ఉండాడు. ఇంజను లేదు గదా వాడికి. ఇంకోటి ఏయించు."

మర్నాడు కారును గోనెపట్టాలో చుట్టుకుని మేమిద్దరం చిత్తూరు బస్సెక్కాం.

చెట్లకు మందు కొట్టే మిషన్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన నాయనకు తెలుసు. ఇంజను విప్పి, గీతలు పడిన పిస్టను మాకు చూపించాడు.

"దీని సామాను మనకాడ దొరకదన్నా. మద్రాసులో గూడా కష్టమే. ఇంజనే మార్చాల."

మోపెడ్ ఇంజను పెడదామా అని నాయన అడిగితే ఆయన నవ్వాడు. "కారు కంటే ఇంజనే పెద్దదైతాది." చివరికి బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి వీపుకు తగిలించుకుని మందు కొట్టే మిషనుది. గట్టిది, సామాను ఊళ్లోనే దొరుకుతుంది. కానీ బరువు. వెనక భాగం కుంగుతుంది, కింది రేకు కోయాలి. రెండోది మద్రాసు నుంచి పాతసామానులో వచ్చిన గడ్డి కోసే మిషను ఇంజను. అన్న కారు ఇంజనుకు దాదాపు సరిజోడు. పాత క్లచ్చు దీనికి పడుతుంది. కార్బొరేటరు మాత్రం రెండో పక్కకు వస్తుంది, యాక్సిలరేటరు కడ్డీని వంచి చుట్టూ తిప్పాలి. రెండోదే మేలని నాకూ అనిపించింది, ఆయనా అదే అన్నాడు.

"రెండూ ఒకసారి స్టార్టు చెయ్యప్పా," అన్నాడు నాయన.

మందు మిషను ఇంజను గుడగుడలాడింది. గడ్డి మిషనుది గీపెట్టింది. నాయన కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపాడు. "యాదీ వాని మాదిరి లేదు."

మెకానిక్కు పాత ఇంజను సైలెన్సరు విప్పి గడ్డి మిషను ఇంజనుకు బిగించాడు. "సగం సౌండు దీంట్లోనే ఉంటాదన్నా. సూడు."

ఈసారి తాడు లాగాక నాయన కళ్లు తెరవలేదు. ఇంజను ఆపేశాక కూడా. "ఇదే," అన్నాడు చివరికి.

కడ్డీ వంచి, అన్నీ బిగించి ఇచ్చేసరికి వారం పట్టింది. పెట్రోల్లో ఆయిలు నేనే కలిపాను. సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, తోపులోకి తీసుకెళ్లాం. అమ్మ చాప వేసుకుని కూర్చుంది. నడిపే పెట్టె నా చేతిలో ఉంది.

కారు బాగా పరుగెత్తింది. ఎండుటాకులు ఎగిరాయి. వరుస చివర దాన్ని ఆపి వెనక్కి తిప్పాలనుకున్నాను. నా వేలు ఇంకా కదపలేదు. చివరి చెట్టు దగ్గర కారు తనంతట తనే వేగం తగ్గించుకుని, వెడల్పుగా చుట్టు తిరిగి, మా వైపు వచ్చింది. అన్న అలాగే తిప్పేవాడు. నేను ఎప్పుడూ ఇరుకుగా తిప్పి బోర్లా వేసేదాన్ని.

అంత దూరంలో సిగ్నలు బలహీనపడి కారు దారి తప్పొచ్చు. అది నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం అది సిగ్నలని నాకు అనిపించలేదు. చెప్పాలని అమ్మ వైపు తిరిగాను.

అమ్మ అప్పటికే లేచి చాప దులుపుతోంది. "ఇది వాడు కాదు," అంది. "సప్పుడు వేరే. వాడు ఎళ్లిపోయినాడు." అని ఇంటివైపు నడిచింది. నాయన ఆమె వెనకే పోయాడు.

కారు వచ్చి నాకు కొంచెం దూరంలో ఆగింది, ఇంజను నడుస్తూనే.

ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ ఆ స్విచ్చు వేయలేదు. ముందుగదిలో మళ్లీ మనుషులు కూర్చోవడం మొదలైంది. మరుసటి ఏడు మామిడికాయల బేరానికి వచ్చిన ఒకాయన ముచ్చటపడితే, నాయన కారు ఆయనకు ఇచ్చేశాడు. అమ్మ మరో ఇరవై ఏళ్లకు పైగా బతికింది. తోపులో నేను చూసింది ఆమెకు చెప్పలేదు. చెబితే మళ్లీ ఆ గదిలో కూర్చునేది.