డిస్కో పాట చివర ఒక మాట

మా చిన్నప్పుడు... పాలమూరులో మేం కిరాయికున్న ఇంట్లో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో మేము, పక్కదాంట్లో నా దోస్తు షాహీన్, వాళ్లమ్మ. ఆమెను నేను ఖాలమ్మ అనేదాన్ని. షాహీన్ అబ్బా, అంటే వాళ్ల నాన్న, దుబాయిలో మేస్త్రీ. చదువు రాదు కాబట్టి ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు.

టేప్ రికార్డర్ మా ఇంట్లోనే ఉండేది. ప్రతి శుక్రవారం ఖాలమ్మ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, దాని ముందు కూర్చునేది. అంతా కలిపి ఐదారు నిమిషాల మాటలే... వెనక్కి తిప్పి మళ్లీ వినేది. అంతసేపూ మా అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు కానిచ్చేది కాదు.

ఆ ఏడు స్కూల్ యానివర్సరీకి మేమిద్దరం ఓ డిస్కో పాటకు డ్యాన్స్ చేద్దామనుకున్నాం. అబ్బబ్బ... ఏం పాటండీ అది! మొదటి డ్రమ్ము దెబ్బ పడితే చాలు, కాళ్లు మన మాట వినేవి కావు. బ్యాండువాళ్లు అదే, టైలర్ షాపులో అదే. మాకు మాత్రం ఆ క్యాసెట్ కొనిచ్చే దిక్కు లేదు.

ఓ రోజు రేడియోలో హఠాత్తుగా అదే పాట మొదలైంది... ఖాళీ క్యాసెట్ లేదు. షాహీన్ ఉరికిపోయి అబ్బా క్యాసెట్ తెచ్చింది.

"గీ దిక్కు ఖాళీగుంటదే... జల్ది ఒత్తు!"

నేను ఎర్ర బటన్ నొక్కాను.

శుక్రవారం వచ్చింది. సలాం వినబడాల్సిన చోట డమడమా డిస్కో! ఖాలమ్మ ముఖం తెల్లబోయింది. మేం వెక్కుతూ జరిగింది చెప్పేసరికి పాట చివరికొచ్చింది. ఆమె షాహీన్ మీదికి చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే పాట ఆగి, గరగరమని, అబ్బా గొంతు...

"షాహీన్ కు మారో నక్కో."

షాహీన్‌ను కొట్టొద్దు అని. అన్ని మాటల్లో మిగిలింది ఆ ఒక్కటే. ఎత్తిన చేత్తోనే బిడ్డను దగ్గరికి లాక్కుని ఖాలమ్మ భోరున ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను... నొక్కింది నేనే కదా.

ఆ తర్వాత కూడా శుక్రవారాలు మానలేదు. "ముందుకు తిప్పనా ఖాలమ్మా?" అంటే, "వద్దు బిడ్డా, ఆ ఒక్క మాట గూడ దాటిపోతది. నిదానంగ రానీ" అనేది. అలా పాట మొత్తం వినేది. నెల తిరిగేసరికి ఆమె కాలి బొటనవేలు తాళం వేయడం నేను చూశాను!

రెండేళ్లకు అబ్బా తిరిగొచ్చాడు. చాలా ఏళ్లు ఇక్కడే ఉండి, ఈమధ్యే కన్నుమూశాడు. ఆ పాట మాత్రం ముసలిది కాలేదు. మొన్న షాహీన్ కొడుకు పెళ్లిలో డీజే అబ్బాయి వేస్తే పిల్లలంతా ఎగిరెగిరి ఆడారు. అది అయ్యీ అవకముందే ఇంకో పాట అందుకుంది... ఇప్పుడు పాటకూ పాటకూ మధ్య జాగా ఎక్కడుంది?

కుర్చీలో ఉన్న ఖాలమ్మ చెయ్యెత్తింది.

"జర ఆగుండ్రి బిడ్డా... ఆయన మాట ఇంక రాలే."

మీ ఇంట్లో పాత క్యాసెట్ ఏదైనా మిగిలి ఉందా? పాట అయిపోగానే ఆపేయకండి... ఆ తర్వాత ఎవరు మాట్లాడారో నాకూ చెప్పండి.