నీలం కారు, కువైట్ మట్టి

మా కారు ముదురు నీలం రంగుది. ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు కొన్నేళ్ళు వాడి అమ్మేస్తుంటే తొంభైల చివర్లో మా ఆయన కొన్నారు. ఆయన పనిచేసే స్కూలు ఉదయగిరిలో, నాది ఆత్మకూరులోనే. రోజూ బస్సుల కోసం ఎదురుచూసి విసిగిపోయి కొన్న బండి కాబట్టి ఆయనకు దానిమీద ప్రేమ కాస్త ఎక్కువే.

ఒక శనివారం పక్కింటివాళ్ళు కొత్త ఇనప గేటుకు తెల్లరంగు స్ప్రే కొట్టించారు. గాలి మా వైపు వీచింది. సాయంత్రం చూస్తే కారంతా పిండి చల్లినట్టు ఉంది. నీళ్ళు కొట్టి కడిగినా పోలేదు. అరచేత్తో నిమిరితే ఉప్పుకాగితం నిమిరినట్టు గరగరమంది. మా ఆయన థిన్నర్ సీసా తీశారు.

ఆయన్ని ఆపింది మా వదిన. ఆమె ఆయనకు సొంత అక్క. భర్త పోయాక కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి కువైట్ వెళ్ళి, ఒక ఇంట్లో ఏళ్ళతరబడి వంటపని చేసి, ఆ నెలలోనే తిరిగొచ్చి మా దగ్గర ఉంటోంది. అక్కడి సంగతులు మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. మళ్ళీ వెళుతుందో ఇక్కడే ఉండిపోతుందో కూడా మాకు తెలియదు.

"థిన్నర్ పెడితే అడుగు రంగు కూడా ఊడొస్తాదిరా. ఉండు, నా దగ్గర ఒకటుండాది" అని లోపలికెళ్ళి, పెట్టెలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో బూడిదరంగు ముద్ద ఉంది. పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టిలా మెత్తగా, చల్లగా ఉంది.

కువైట్‌లో ఆ ఇంటి డ్రైవరు మర్రిపాడు వైపు మనిషట. మధ్యాహ్నాలు నీడలో కార్ల మీద ఈ ముద్దతో రుద్దుతుంటే ఈమె వంటగది గుమ్మంలో నిలబడి చూసేదట. ఇదేంది, ఎందుకని చాలాసార్లు అడిగిందని, వచ్చేటప్పుడు వాడేసిన ముక్కలో సగం తుంచి ఇచ్చాడట. కారు లేనిదానివి నువ్వెందుకు తెచ్చుకున్నావు వదినా అంటే, ఏమో, పారెయ్యబుద్ధి కాలేదు అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొదలుపెట్టాం. ఒంటి సబ్బు తురిమి బకెట్టు నీళ్ళలో కలిపింది వదిన. బానెట్ మీద నీళ్ళు చల్లి, ముద్దను బిళ్ళలా అదిమి, నిలువుగా లాగుతూ పోయింది. నాలుగుసార్లు లాగేసరికి తెల్ల చుక్కలు కారు మీంచి లేచి మట్టికి అంటుకున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే అద్దంలా నున్నగా ఉంది. మా ఆయన ముఖం విప్పారింది. ఆ ఉత్సాహంలో ముగ్గురం వంతులేసుకుని బానెట్ మొత్తం చేశాం.

ఆరిన తర్వాత మా ఆయన ఒక పక్కకు వంగి ఎండ వాలున చూశారు. నన్ను రమ్మని చెయ్యి ఊపారు. నేనూ వంగి చూశాను. నీలం రంగు మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, సాలెగూడు అల్లినట్టు. ఎదురుగా నిలబడితే కనిపించవు, వంగితే మాత్రం అవే కనిపిస్తాయి.

"అక్కడ ఒక్క గీత కూడా పడేది కాదే" అంది వదిన. ఆమెకు బాధకంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. నాకూ అంతే. అదే మట్టి, అదే పద్ధతి, అక్కడ పడని గీత ఇక్కడెందుకు పడాలి?

మర్నాడు స్కూల్లో పిల్లలకు పాఠం చెబుతున్నా బుర్రలో అదే. సాయంత్రం వచ్చి బకెట్టులో మిగిలిన సబ్బునీళ్ళు చూశాను. పైన తెల్లటి తరకలు పెరుగు విరిగినట్టు తేలుతున్నాయి. వేళ్ళ మధ్య రుద్దితే జారడం లేదు, పట్టేస్తోంది. మా బోరు నీళ్ళు ఉప్పన, బట్టలకే సబ్బు నురగరాదు. అక్కడ ఆ డ్రైవరు ఏ నీళ్ళు వాడేవాడని వదినను అడిగాను. సీసాలోంచి ఏదో కొట్టేవాడు, జారిపోయేది, చేత్తో పట్టుకుంటే నిలిచేది కాదు అని గుర్తు చేసుకుంది.

పాత క్యాసెట్ డబ్బా ఒకటి తెచ్చాం. సగానికి బోరు నీళ్ళ సబ్బు, సగానికి తాగే కొళాయి నీళ్ళలో షాంపూ ప్యాకెట్ కలిపి పూశాం. వదిన మట్టి లాగింది. మొదటి సగంలో ముద్ద ఆగి ఆగి కదిలింది, ప్లాస్టిక్ మీద చారలు పడ్డాయి. రెండో సగంలో మంచుగడ్డలా జారింది, ఏ గుర్తూ పడలేదు. ఇద్దరం లైటు కింద ఆ డబ్బాను ఎంతసేపు తిప్పి తిప్పి చూశామో. వదిన అంతగా నవ్వడం ఆ నెలలో అదే మొదటిసారి.

ఆ వారమంతా ఆమె ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఎండలో కాగిన రేకు మీద రుద్దకూడదు, నీళ్ళు వెంటనే ఆరిపోతాయి. ముందు దుమ్మంతా పోయేట్టు కడగాలి. చేతి బలం పెట్టకూడదు. మట్టి మురికి పట్టగానే మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. మధ్య మధ్యలో కువైట్ మాటలూ వచ్చేవి. ఆ ఇంట్లో ముసలామె చేత్తో తినిపిస్తేనే తినేదని, వచ్చేరోజు ఈమె చెయ్యి వదల్లేదని చెప్పింది.

రెండో శనివారం సెలవు. పొద్దున్నే వేపచెట్టు నీడలో బండి పెట్టాం. మంచినీళ్ళు, షాంపూ. పైకప్పు, కుడివైపు తలుపులు ఒక్క గీత లేకుండా వచ్చాయి. వంగి చూసి, ఇంకోవైపు నుంచి చూసి, మా ఆయన తల ఊపారు.

ఎడమవైపుకు మారుతుండగా ముద్ద వదిన చేతిలోంచి జారి ఇసుకలో పడింది. కడిగేస్తే సరిపోతుందని మా ఆయన అన్నారు. ఆమె దాన్ని కడిగి, నా క్యాసెట్ డబ్బా వెనకవైపు ఒక్కసారి లాగింది. కంటికి కనిపించని ఇసుక లోతుగా గీసేసింది. ఇంక దీన్ని కారు మీద పెట్టకూడదని పక్కన పెట్టేసింది.

"పోనీలే అక్కా, ఈసారి పొయ్యినప్పుడు ఇంకో ముక్క తీసుకురా" అన్నారు మా ఆయన.

ఆమె చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది. "ఈసారి లేదులేరా. నేను పోను."

మా ఆయన బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళారు. వదిన నా వైపు తిరిగింది. "మీ స్కూల్లో ఎనిమిదో తరగతికి మధ్యలో చేర్చుకుంటారా, మేయ్?"

ఆమె కూతురు కొండాపురంలో అవ్వ దగ్గర చదువుకుంటోంది. టీసీ తెస్తే చాలు, నేను మాట్లాడతానన్నాను.

కారు ఎడమవైపు గరుకు మేం అమ్మేదాకా అలాగే ఉండిపోయింది. బానెట్ మీది గీతలు పాలిష్‌తో కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఆ మాటనుకున్న తర్వాతి ఆదివారం ముగ్గురం పిల్లను తీసుకురావడానికి కొండాపురం వెళ్ళాం. వదిన వెళ్ళిననాటికి ఆ పిల్ల చాలా చిన్నది. తల్లిని చూసి నవ్వింది గానీ దగ్గరికి రాలేదు. తిరుగు ప్రయాణంలో ముందు సీటులో మామ పక్కన కూర్చుంటానంది. సగం దారిలో టీ కోసం ఆగాం. మళ్ళీ బయల్దేరేటప్పుడు ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు తీసి, నన్ను ముందుకు వెళ్ళమని, తల్లి పక్కన కూర్చుంది.