జ్ఞానాంబ చెప్పిన రెండో మాట

పాకాల మార్కెట్లో నేరేడు పండ్లు, ఎర్ర తోటకూర అమ్మే జ్ఞానాంబకు పన్నెండేళ్లుగా షుగరుంది. ఆమె ఆకుకూర తినడమూ మానలేదు, మాత్ర వేసుకోవడమూ మానలేదు.

పోయిన ఆషాఢంలో యూట్యూబ్ ఛానెల్ నడిపే గుణశేఖర్ వచ్చి ఆమెను మాట్లాడించాడు. "ఈ పండులో ఉండే ఊదారంగు షుగరు అదుపుకి కొంచెం సాయం సేస్తాదని డాక్టరమ్మ సెప్పింది. అట్లని మాత్రలు ఇడిస్తే సస్తారు" అన్నదామె. వీడియోలో మొదటి మాటే మిగిలింది. దాని కింద ‘ఇక మాత్రలకు సెలవు’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి.

అది చూసి, రోజూ ఆమె దగ్గర పండ్లు కొనే సైకిల్ షాపు వరదయ్య తన షుగరు మాత్రలు మానేశాడు. ఇరవై రోజులకు షుగరు పెరిగి షాపులోనే పడిపోయాడు. ఆసుపత్రికి చూడబోయిన జ్ఞానాంబతో ఆయన భార్య మోహన, "నీ మాట నమ్మే గదక్కా ఇట్లయింది" అని మొహం తిప్పుకుంది.

జ్ఞానాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆసుపత్రి నుంచి నేరుగా గుణశేఖర్ ఇంటికి పోయింది.

"నా నోటి మాట కోసేదానికి నువ్వెవడప్పా?"

"లక్ష మంది సూసినారక్కా! అంతా పెడితే ఎవరు సూస్తారు?"

"ఆ లక్షలో ఒకడు ఆడ సెలైన్ కింద పడుండాడు. వచ్చి వాని మొహం సూడు!"

చెయ్యి పట్టి లాక్కుపోయింది. వరదయ్య మంచం పక్కనే అతను పాత వీడియో తీసేసి, ఆమె మాట మొత్తం మళ్లీ రికార్డు చేశాడు.

వరదయ్య బతికి ఇల్లు చేరాడు. కొత్త వీడియోను నాలుగు వందల మందైనా చూడలేదు. పాతది మాత్రం ఇంకా ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది. మాత్రలు ఆపొచ్చా అని ఎవరడిగినా, జ్ఞానాంబ తక్కెడ కింద పెట్టి మార్కెట్టంతా వినేలా తిడుతుంది.