తాతగారి వెనక గార్డు

ఆ రోజుల్లో ఏ మనిషినైనా కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే చాలు, బాగుచేసెయ్యగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. నర్సింగ్ చివరి ఏడు చదువుతున్నాను మరి. బిలాస్‌పూర్‌లో మా కాలేజీ పిల్లలకు ఆ ఏడు చిన్న పరిశోధన ఒకటి అప్పజెప్పారు. రోగిని విరిగిన ఎముకగానో పెరిగిన షుగరుగానో కాకుండా, అతని మనసూ ఇల్లూ అలవాట్లూ భయాలూ అన్నీ కలిపి మొత్తం మనిషిగా చూస్తే తొందరగా కోలుకుంటాడా అన్నది విషయం. మా మేడమ్ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసేది: "పేషెంట్ కో పూరా దేఖో, సిర్ఫ్ హడ్డీ నహీఁ!" ఒక్క ఎముకనే కాదు, రోగిని మొత్తంగా చూడమని. ఆ మాటను నేను ఎంతగా ఒంటబట్టించుకున్నానంటే, అసలు హడ్డీ సంగతే మర్చిపోయాను.

నా వంతుకు వచ్చినాయన రిటైరైన రైలు డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, ఉద్యోగమంతా ఇక్కడి రైల్వే క్వార్టర్లలోనే గడిపిన మనిషి. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆపరేషన్ చక్కగా అయింది గానీ తాతగారు మంచం దిగనంటే దిగనన్నారు. "ఇలాగే పడుకుంటే ఛాతీలో నెమ్ము చేరుతుంది, ఆ తర్వాత మేమూ ఏం చెయ్యలేం" అని డాక్టరు ఆయన కొడుకుతో చెప్పేశారు. ఊరి పక్కనే సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపులో పనిచేసే ఆ కొడుకు డ్యూటీ బట్టలతోనే వచ్చి, "ఎలాగైనా నడిపించండి సిస్టర్, మా నాయన మంచాన పడిపోతే సూడలేను" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా బ్యాచ్‌లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే (నా తెలుగు వింటే మా అమ్మమ్మ చెవులు మూసుకునేది, అది వేరే సంగతి). అలా తాతగారు నా పాలపడ్డారు.

ఆయనకు దిగులని నేనే తేల్చేశాను. ఫోనులో భజనలు పెడితే, "ఆపియ్యే గుంటా, నేనింకా పోనేదు" అన్నారు. ఇంటి నుంచి ఆయన తలగడ తెప్పించాను. దాని మీద ఇంకా హాయిగా పడుకున్నారు. మొహం జాలిగా పెట్టి, "మీ మనసులో ఏముందో చెప్పండి తాతగారూ" అంటే, "మనసులోనా? ఉప్మాలో ఉప్పు నేదని ఉంది" అన్నారు. పొద్దుటా సాయంత్రం నేను ఆయన ఎదురుగా నిలబడి, చంటిపిల్లల్ని పిలిచినట్టు రెండు చేతులూ చాచి, "ఆయియే తాతగారూ, రండి రండి" అంటూ వెనక్కి నడిచేదాన్ని. ఆయన మంచం అంచున కూర్చునేవారు, వాకర్ పట్టుకునేవారు, నన్ను ఎగాదిగా చూసి మళ్లీ పడుకునేవారు. రోగికి డిప్రెషన్ అని మేడమ్‌కు గంభీరంగా చెప్పాను. "ఆయన్ని అడిగావా?" అంది. అడిగానన్నాను. "విన్నావా?" అంది.

ఉక్రోషం వచ్చేసింది. మర్నాడు ఒక్క మాటా మాట్లాడకుండా ఎదురుగా నిలబడి ఊరుకున్నాను. కాసేపటికి తాతగారికే విసుగొచ్చింది.

"ఏటే, ముందు నిలబడి రా రా అంటే ఎవుడొస్తాడు? ఇంజిన్‌కి ఎదురుగా మనిషి నిలబడితే డ్రైవరేటి సేస్తాడు? బ్రేకేస్తాడు. ఎనకాతల గార్డు నేకుండా బండి తీసినోణ్ని కాను నేను." అంతలో ఆయన గొంతు తగ్గిపోయింది. "ఆవేళ బాత్రూంలో పడ్డప్పుడు ఎనకాతల ఎవులూ నేరు. మా ఓడొచ్చేదాకా అలాగే పడున్నాను."

నాకు ఏడుపొచ్చింది. నేనేమో ముందు నిలబడి పిలుస్తున్నాను, ఆయన భయమంతా వెనక ఉంది. (నడిపించేటప్పుడు రోగికి పక్కగా, కాస్త వెనకగా నిలబడాలని మా పుస్తకంలోనూ ఉంది. పరీక్షలో అదే రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.)

వెళ్లి వెనక నిలబడి, ఆయన నడుము దగ్గర చెయ్యి ఆనించాను. "గార్డు విజిల్ ఏదే?" అన్నారు. నోటితోనే ఊదాను. వార్డు వార్డంతా తిరిగి చూసింది. "ఆల్ రైట్ తాతగారూ" అన్నాను. బండి కదిలింది! మంచం దాటింది, తలుపు దాటింది, వరండాలోకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా మా మేడమ్ రౌండ్స్‌కు వస్తూ కనబడింది. తాతగారు ఠక్కున ఆగిపోయారు. "ఇది సింగిల్ లైనే. ముందు ఆవిణ్ని పక్కకి తప్పుకోమను." మేడమ్‌తో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నేను అటూ ఇటూ చూస్తుంటే, మేడమ్ తనే గోడకు అతుక్కుని నిలబడి, ఆయన దాటేవరకూ చెయ్యి ముందుకు చాచి దారి చూపించింది. ఆ సాయంత్రం వరండాలో తండ్రి ఎదురొస్తుంటే ఆ కొడుకు టిఫిన్ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

డిశ్చార్జి రోజున ఆటో ఎక్కించి గేటు దగ్గర నిలబడ్డాను. ఆటో కదిలాక ఉండబట్టలేక, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ టాటా చెప్పాను. ఆటో కీచుమని ఆగిపోయింది. తాతగారు తల బయటపెట్టి, "ఏటయిందే?" అని కేక. ఏం కాలేదు, టాటా చెప్పానన్నాను. "ఓలమ్మ! రెండు సేతులెత్తితే బండాపమని గదేటే? రైల్వే ఓళ్ల పిల్లవేనా నువ్వు?" (మా నాన్నది రైల్వేయే గానీ, ఆఫీసు ఉద్యోగం. ఆయన రైలెక్కేదే సెలవులకు.) "ఒక సెయ్యి సాచి నిదానంగా ఊపు. అప్పుడెల్తాను."

అలాగే ఊపాను. వెళ్లిపోయారు.

ఇప్పుడు నర్సింగ్ పిల్లలకు ఆ పాఠం నేనే చెబుతున్నాను. పిల్లలు రోగుల ముందు నిలబడి, చేతులు చాచి, ప్రపంచాన్ని బాగుచేసే మొహాలతో రండి రండి అంటుంటే నవ్వొస్తుంది. వాళ్లలో ఎవరో ఒక పిల్లలో ఆనాటి నేను కనబడతాను. ఒక్కసారి రెండు చేతులూ ఎత్తి, ఆ పిల్లను అక్కడే ఆపి, కాసేపు చూసుకోవాలనిపిస్తుంది. ఆపను. వెళ్లి దాని వెనక నిలబడతాను.