ఇంటిపేరు ముందా, వెనకా?

నిన్న శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుంటే గోడ మీది యంత్రం ఒక పేరు రెండుసార్లు పిలిచింది. ఎవరూ లేవకపోతే ఈ జనం చెవులు కూడా చూపించుకోవాలి కాబోలు అనుకున్నాను. తీరా అది నా పేరే, ఇంటిపేరు తీసుకెళ్ళి చివర తగిలించారు. నవ్వొచ్చి, మన ఈడువాళ్ళకు చెప్పుకోదగ్గ పాత సంగతొకటి గుర్తుకొచ్చింది.

చీపురుపల్లి దగ్గర ఒక జనపనార మిల్లులో నా తొలి ఉద్యోగం, ఆరు నెలలు చూసి ఉంచుతామన్నారు. ఆఫీసులో పాత యూనిక్స్ యంత్రం ఉండేది, తూకం గదిలోకి కొత్తగా లినక్స్ పీసీ వచ్చింది. అక్కడి బరువులు ఇక్కడికి చేరేలా ప్రోగ్రాం రాయడం నా పని. బరువు పంపే ప్రోగ్రామూ అందుకునే ప్రోగ్రామూ ఒకే యంత్రంలో నడిపితే, అది పాతదైనా కొత్తదైనా, చక్కగా మాట్లాడుకునేవి. పీసీ నుంచి ఆఫీసుకు పలికిస్తే మాత్రం 'కనెక్షన్ రెఫ్యూజ్డ్', అంటే తలుపు తీయం పొమ్మని. శనివారానికి కాకపోతే విశాఖ నుంచి మనిషిని పిలిపిస్తామనీ, ఆడపిల్లలకు ఇవి పట్టుబడవనీ మేనేజరు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఉద్యోగం పోతుందని భయమూ వేసింది.

శుక్రవారం నాడు తూకం వేసే పెద్దాయన, వరసకు నాకు మావ, బ్యాంకు నుంచి చిరాగ్గా వచ్చాడు. వాళ్ళు పిలుస్తూనే ఉన్నారట, ఈయన తనను కాదనుకుని కూర్చున్నాడట. పాస్‌బుక్కు నా ముందు పడేసి, "ఇంటిపేరు ముందుంటాదని మనకెరిక. ఆళ్ళు ఎనక్కెట్టుకున్నారు. మరి నానెలాగ పలుకుతానే గుంటా?" అన్నాడు.

నా చేతులు ఆగిపోయాయి. అందుకునే ప్రోగ్రాంను పీసీలోనే నడిపి, ఏ పోర్టులో, అంటే ఏ నంబరు తలుపు దగ్గర, కాచుక్కూర్చుందో చూద్దును కదా, నేను రాసింది ఐదువేలు, అక్కడున్నది ముప్ఫై నాలుగువేల చిల్లర! అంకెలో పెద్ద ముక్కను పాత యంత్రం ముందు పెట్టుకుంటుంది, కొత్తది వెనక పెట్టుకుంటుంది. తీగ మీద మాత్రం పెద్దదే ముందుండాలి. పాతదానికి అది పుట్టుకతో వచ్చిన వరసే, కొత్తదాంట్లో పంపేదీ అందుకునేదీ ఒకేలా తప్పేవి, అందుకే నా పొరపాటు అన్నాళ్ళూ దాగింది. వరస సరిచేసే చిన్న మాట, పోర్టుకొకటి బరువుకొకటి, చేర్చాను.

మావ ఒక నార కట్టను తూకానికి ఎక్కించాడు. ఆఫీసు తెర మీద బరువు టక్కున పడింది. మావ మిల్లంతా వినేలా, "మా గుంటే సేసింది" అన్నాడు. ఆ రోజు నేను నడవలేదు, తేలాను. మిల్లు మూసేదాకా ఆ కుర్చీ నాదే.

ఇప్పుడు ఆ తిరగేయడాలన్నీ ప్రోగ్రాములే చూసుకుంటాయని మా అన్నయ్య కూతురు చెబుతుంది. సుఖమే. కానీ మాట కలిపే ముందు ఎదుటివారిది ఏ వరసో కనుక్కునే అలవాటు మనుషుల్లోనూ పోతోంది. మావ పోయి చాలా ఏళ్ళయింది. యంత్రం మూడోసారి పిలిచినప్పుడు, ఆయన తరఫున కూడా పలికినట్టుగా, గట్టిగా 'ఉన్నాను' అని లేచాను.